చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ: ఒప్పుకునే ముందు ఒకసారి పగలు వెళ్లి చూసి రండి

హౌస్ సర్జన్సీ ముగిసింది, నీట్ పీజీకి చదువుకుంటున్నాను, వారానికి రెండు రాత్రులు ముప్పై పడకల ఆసుపత్రిలో లోకమ్ (తాత్కాలిక) డ్యూటీకి పిలిచారు, రాత్రంతా క్యాజువాలిటీలో నేనొక్కడినే ఉంటాను, ఒప్పుకోవచ్చా, ఏమేమి తెలిసి ఉండాలి అని మీరు రాసి అడిగారు. ఒప్పుకోండి. కానీ మాట ఇచ్చే ముందు ఒకరోజు పగటిపూట వెళ్లి ఆ ఆసుపత్రిని కళ్లారా చూసి రండి. మేనేజరు గదిలో జీతం మాట్లాడుకుని తిరిగి రావద్దు. క్యాజువాలిటీ చూడండి, మందుల ఫ్రిజ్ తెరిపించండి, ఆక్సిజన్ సిలిండర్లు ఉంచే మూలకు వెళ్లండి, రాత్రి ల్యాబులో ఎవరుంటారో అడగండి. ఆసుపత్రి ఏమి చేయగలదో బయట బోర్డు మీద రాసి ఉంటుంది. ఏమి చేయలేదో ఎక్కడా రాసి ఉండదు. రాత్రి డ్యూటీ డాక్టరుకు ముందుగా తెలియవలసింది ఆ రెండోది.

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో, హైదరాబాద్–విజయవాడ రహదారికి దగ్గరలో ఉన్న ఒక పట్టణంలో మొదట మీలాగే డ్యూటీ డాక్టరుగా చేరాను. తరువాత జనరల్ మెడిసిన్ చదివి మళ్లీ అక్కడికే వచ్చాను. ఒక పక్క రహదారి, మరో పక్క సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు, వాటికి పైన పత్తి చేలు. అందుకే నేను చెప్పే మాటల్లో ప్రమాదాలు, పాము కాట్లు, పురుగుల మందు, గుండెపోట్లు ఎక్కువగా వస్తాయి. మీరు వెళ్లే ఊరు వేరైనా వీటిలో కనీసం మూడు మీ తలుపు తట్టి తీరుతాయి.

నా మొదటి వారంలో ఒక రాత్రి రెండు గంటలకు ఊపిరి అందని మనిషిని తెచ్చారు. శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. గొంతులోకి చూడటానికి వాడే లారింగోస్కోప్ తెరిచాను, లైటు వెలగలేదు. లోపల బ్యాటరీలు కారి తుప్పు పట్టిపోయాయి. సిస్టర్ పై అంతస్తుకు పరుగెత్తి ఇంకొకటి తెచ్చేదాకా చేత్తో ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ నొక్కుతూ నిలబడ్డాను. ఆయన బతికారు. నాకు మాత్రం ఆ కొద్ది నిమిషాలు ఇప్పటికీ మరపు రాలేదు. ఎందుకంటే తప్పు బ్యాటరీది కాదు, సాయంత్రం ఎనిమిదికి వచ్చి ఒక్కసారి తెరిచి చూడని నాది. ఆ రోజు నుంచి ఎంత ఆలస్యంగా డ్యూటీకి చేరినా, ఎంత మంది రోగులు వరుసలో ఉన్నా, ముందు పది నిమిషాలు వస్తువులకే ఇస్తాను.

ఆ పది నిమిషాల్లో చేతితో ముట్టుకుని చూడాలి. లారింగోస్కోప్ వెలుగుతోందా, సక్షన్ యంత్రం లాగుతోందా, ఆంబు బ్యాగ్‌కు పిల్లల మాస్కు ఉందా, గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ ఛార్జింగులో ఉందా, ఈసీజీలో కాగితం ఉందా, గ్లూకోమీటరు స్ట్రిప్పులు ఉన్నాయా. సిలిండరు నిండా ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని తిప్పే స్పానర్ ఎక్కడ ఉంటుందో కూడా తెలియాలి. చాలా చోట్ల అది ఒక వార్డుబాయ్ జేబులో ఉంటుంది, అతను భోజనానికి వెళ్లి ఉంటాడు. కరెంటు పోతే జనరేటరు దానంతట అదే అందుకుంటుందా, ఎవరైనా వెళ్లి వేయాలా? రాత్రి మందుల షాపు తాళం ఎవరి దగ్గర? దగ్గరి బ్లడ్ బ్యాంకు ఎన్ని కిలోమీటర్లు? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించినా తప్పులేదు. నేను అంటించాను.

మందుల విషయంలో ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెబుతారు. ఎన్ని అని అడగండి. అట్రోపిన్ సంగతి చూడండి. ఒక ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగినవారికి మూడు ఆంప్యూళ్లతో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు పోయేదాకా ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ పోతే మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. పావుగంటలో 45 ఆంప్యూళ్లు. షెల్ఫులో 20 ఉన్న ఆసుపత్రి అట్రోపిన్ ఉన్న ఆసుపత్రి కాదు. పాము కాటు మందు కూడా అంతే. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి విడతకే పది వైల్స్ కావాలి. నాలుగు వైల్స్ ఉన్న చోట ఆ నాలుగూ ఎక్కించి, వెంటనే బండి ఎక్కించి పంపడం తప్ప దారి లేదు. ఆ సంగతి రోగి వచ్చాక కాకుండా ముందే తెలిస్తే, రోగి మంచం మీద పడుకునేలోపే మీరు ఫోను అందుకుంటారు.

ఇక ఒప్పందం. మీరు చూడవలసింది క్యాజువాలిటీ ఒక్కటేనా, వార్డులు, ఐసీయూ కూడానా? వెంటిలేటర్ మీద ఎంత మంది ఉంటారు? ప్రసవాలు జరిగే ఆసుపత్రి అయితే పసిబిడ్డను ఎవరు అందుకుంటారు? రాత్రి ఫోను చేస్తే ఏ కన్సల్టెంటు వస్తారు, ఎంత సేపట్లో వస్తారు? ఇవి మాటల్లో కాకుండా నియామక పత్రంలో ఉండాలి. మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో ఉండి తెలంగాణలో పని చేయబోతుంటే ముందు ఇక్కడి కౌన్సిల్‌లో నమోదు చేసుకోండి, అటు నుంచి ఇటైనా అంతే. ఆసుపత్రికి బీమా ఉందని చెప్పినా మీ పేరు మీద మీరు ఇండెమ్నిటీ పాలసీ (వైద్యం మీద కేసు పడితే ఆదుకునే బీమా) తీసుకోండి. ఫీజులో పది శాతం టీడీఎస్ కోస్తే ఆ వివరం మీ పాన్ ఖాతాలో కనిపిస్తోందో లేదో చూసుకోండి. డబ్బు సంగతి ఇంతకంటే చెప్పను, అది ఊరిని బట్టి, పడకలను బట్టి మారుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీరు లేని రోజుకు సంతకం పెట్టవద్దు. ఖాళీ కేస్ షీట్ మీద పెట్టవద్దు. మీ సర్టిఫికెట్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద తేదీ, ఎందుకు ఇస్తున్నారో రాసి ఇవ్వండి. మంచి మనుషులే, తెలిసినవారే, బతిమాలుతూ అడుగుతారు. ఆ సంతకానికి జవాబు చెప్పవలసింది మీరొక్కరే.

ఇప్పుడు మనుషుల గురించి. రాత్రి డ్యూటీలో మీకంటే ఎక్కువ చూసినవారు అక్కడి పెద్ద సిస్టర్. పది, పదిహేనేళ్లుగా అదే క్యాజువాలిటీలో ఉంటారు. డ్యూటీ డాక్టర్లు ఆరు నెలలకొకరు మారుతుంటారు, ఆమె మాత్రం అక్కడే ఉంటారు. వెళ్లగానే పేరు అడిగి పలకరించండి. ఆమె "సార్, ఈయన ఎందుకో బాగా లేరు" అన్నారంటే, బీపీ, పల్స్ బాగానే ఉన్నా, లేచి వెళ్లి చూడండి.

అలాగే రోగిని వెంటబెట్టుకొచ్చే ఊరి ఆర్‌ఎంపీ. ఆయన చేసిన వైద్యం మీకు నచ్చకపోవచ్చు. నాకూ నచ్చదు. కానీ ఆ రోగికి సాయంత్రం ఏ సూది వేశారో, ఎన్ని గంటలకు వేశారో తెలిసిన మనిషి ఆయనొక్కడే. నలుగురిలో గద్దిస్తే "ఏమీ వేయలేదు సార్, బీ కాంప్లెక్స్ అంతే" అంటారు. పక్కకు పిలిచి, కుర్చీ వేసి, "మీరు వెంటనే తీసుకొచ్చి మంచి పని చేశారు, ఏమేమి ఇచ్చారో చెబితే నాకు సాయంగా ఉంటుంది" అంటే డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అన్నీ బయటికి వస్తాయి. ఈ మర్యాద వల్ల నాకు కొన్ని ప్రాణాలు దక్కాయని నమ్మకంగా చెప్పగలను.

పాము కాటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మెడికల్ కాలేజీలో మనం చూసే పాము కాటు రోగికి ముందే పేరు పెట్టి ఉంటుంది. చిన్న ఆసుపత్రికి వచ్చేవాడు ఆ పేరుతో రాడు. నేను చేరిన రెండో ఏడాది వానాకాలంలో, తెల్లవారుజామున ఐదు గంటలకు ఒక యువకుడిని తెచ్చారు. నాట్లకు వచ్చిన కూలీ. రాత్రి నేల మీద పడుకున్నాడు. కడుపులో నొప్పి, రెండు వాంతులు, గొంతులో ఏదో పట్టేసినట్టుందన్నాడు. నేను గ్యాస్‌కు సూది రాసి కలం మూత పెడుతున్నాను. సిస్టర్ మెల్లగా అన్నారు: "సార్, కళ్లు పూర్తిగా తెరవడం లేదు." చూశాను. రెప్పలు సగానికి వాలి ఉన్నాయి. నిద్ర మత్తు అనుకున్నాను నేను. దిండు మీద నుంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. కట్లపాము.

కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పితో వచ్చిన పల్లె మనిషి ప్రతి ఒక్కరినీ ఎక్కడ పడుకున్నారని అడగండి, తల ఎత్తమనండి, పైకి చూడమనండి. దీనికి యంత్రం అక్కర్లేదు, అర నిమిషం చాలు. ఆ యువకుడికి మా దగ్గర ఉన్న మందంతా ఎక్కించాం, అరగంటలో గొట్టం వేయవలసి వచ్చింది. అప్పట్లో మాకు వెంటిలేటర్ లేదు. హైదరాబాద్ దాకా అంబులెన్సులో నేనూ, ఒక వార్డుబాయ్ వంతులు వేసుకుని బ్యాగ్ నొక్కుతూ వెళ్లాం. తొమ్మిది రోజుల తరువాత నడుచుకుంటూ ఊరికి వచ్చాడు. కట్లపాము కాటులో ఊపిరి మనం నిలబెడితే మనిషి నిలబడతాడు. గొట్టం, బ్యాగ్, ఆపకుండా నొక్కే చేతులు, ఈ మూడే కావాలి.

రక్తపింజర కథ వేరు. అక్కడ వాపు, నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం. దీనికి ఇరవై నిమిషాల గడ్డకట్టు పరీక్ష చేయాలి. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. చిన్న ఆసుపత్రుల్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ప్లాస్టిక్ వైల్‌లో తీస్తారు, లేదా సబ్బు నీటితో కడిగిన గొట్టం వాడతారు. రెండింటిలోనూ మంచి రక్తం కూడా గడ్డకట్టకుండా మిగిలిపోవచ్చు, మీరు అనవసరంగా మందు ఎక్కిస్తారు. కొత్త గాజు గొట్టాలు నాలుగు కొని క్యాజువాలిటీ అరలో పెట్టించండి. మందు మొదలుపెట్టే ముందు చర్మం మీద పరీక్ష చేయడం పాత అలవాటు, దానివల్ల ఏమీ తెలియదు. మందు పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. పాము కాటు మందు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే, ఎందుకంటే పాము వదిలిన విషం మనిషి బరువును బట్టి తగ్గదు.

తేలు కాటును తేలికగా తీసుకోకండి, ముఖ్యంగా పిల్లల్లో. ఒళ్లంతా చెమట, చల్లబడిన చేతులు, ఎగసిన బీపీ, తరువాత ఊపిరితిత్తుల్లో నీరు. దీనికి ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్ర పనిచేస్తుందని లోకానికి చూపించింది మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణంలో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిన్న ఊళ్లో కూర్చుని రోగులను శ్రద్ధగా చూసి రాసుకున్న మనిషి అది సాధించాడు. చిన్న ఆసుపత్రిలో నేర్చుకోవడానికి ఏముంటుందని మీ స్నేహితులు అన్నారని రాశారు కదా, వారికి ఈ సంగతి చెప్పండి.

గుండెపోటు విషయంలో ఒకే నియమం. ముప్పై ఐదు దాటిన మనిషి గ్యాస్ నొప్పి అంటూ వస్తే, గడ్డం నుంచి బొడ్డు దాకా ఎక్కడ నొప్పి ఉన్నా, పది నిమిషాల్లో ఈసీజీ. మొదటిది బాగుండి నొప్పి తగ్గకపోతే పావుగంటకు ఇంకొకటి. డైక్లోఫెనాక్, పాంటాప్రజోల్ ఇచ్చి ఇంటికి పంపిన గుండెపోటు నాకు తెలిసిన ప్రతి చిన్న ఆసుపత్రి చరిత్రలోనూ ఒకటి ఉంది. అనుమానం ఉంటే ఈసీజీ ఫొటో కార్డియాలజిస్టుకు పంపండి, అర్ధరాత్రి అయినా పంపండి. ముందే వెళ్లి ఒకరిని పరిచయం చేసుకుని "రాత్రిపూట ఫొటో పంపవచ్చా సార్" అని అడిగి పెట్టుకోండి, ఎవరూ కాదనరు. రెండు గంటల్లో యాంజియోప్లాస్టీ జరిగే చోటికి చేర్చలేమనుకుంటే, ఆ మందు ఇవ్వకూడని కారణాలేవీ లేకపోతే, గడ్డ కరిగించే మందు మీ దగ్గరే ఇచ్చి పంపాలి. స్ట్రెప్టోకైనేస్ అయితే పదిహేను లక్షల యూనిట్లు గంటలో. ఇది మీ ఆసుపత్రిలో ఉందా అన్నది ఆ పగటి సందర్శనలోనే తేలాలి. గుండె కింది గోడకు వచ్చిన గుండెపోటయితే ఈసీజీలో ఛాతీ కుడి వైపు లీడ్లు కూడా తీయండి, తీయకుండా నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టవద్దు. బీపీ పాతాళానికి పోతుంది.

స్పృహ తప్పిన ప్రతి మనిషికీ ముందు వేలు గుచ్చి షుగరు చూడండి. పక్షవాతం అని తెచ్చిన ఒక పెద్దావిడకు, ఒక వైపు చేయీ కాలూ పడిపోయి ఉన్నా, షుగరు 32కు పడిపోయి ఉంది. డెక్స్ట్రోస్ ఎక్కుతుండగానే లేచి కొడుకుని పేరు పెట్టి పిలిచింది. ఆ ఆనందంలో ఇంటికి పంపకండి. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వేసుకునేవారికి కొన్ని గంటల్లో షుగరు మళ్లీ పడిపోతుంది. ఒకరోజు ఉంచుకోవాలి.

పురుగుల మందు తాగినవారిని తెచ్చినప్పుడు సీసా కూడా తెమ్మనండి, లేకపోతే ఇంటికి ఫోను చేయించి లేబుల్ ఫొటో తెప్పించండి. బట్టలు తీసేసి ఒళ్లు, జుట్టు కడిగించండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించి తెస్తారు, ఆ పని మీరు చేయవద్దు. పారాక్వాట్ అనే కలుపు మందు అయితే ఆక్సిజన్ స్థాయి బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టకూడదు, ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. దానికి విరుగుడు లేదు. మొదటి రోజు మామూలుగా మాట్లాడుతుంటాడు కాబట్టి ఇంటివాళ్లు నమ్మరు, అయినా నిజం మెత్తగా చెప్పాలి. ఆర్గనోఫాస్ఫేట్ తాగినవారు రెండో రోజు బాగున్నారని వార్డుకు మార్చాక కూడా పొద్దునా సాయంత్రమూ తల ఎత్తించి చూడండి. ఒకటి నుంచి నాలుగో రోజు మధ్య మెడ కండరాలు సడలి ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది.

మరొక్క మాట. ఆ మనిషిని మందలించవద్దు, మందలించనివ్వవద్దు. అప్పు, పంట, ఇంట్లో గొడవ, ఏదైనా కావచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది. కేసు అవుతుందని భయపడి తెలియక తాగాడని దాచేవారికి ఈ సంగతి చెబితే నిజం చెబుతారు. ఇంటికి పంపేటప్పుడు మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.

రహదారి ప్రమాదాల్లో నెత్తురు కారే తల కంటిని లాగేస్తుంది. కుట్లు వేస్తూ కూర్చుంటాం, కడుపులో పగిలిన ప్లీహం నిశ్శబ్దంగా నెత్తురు కారుస్తూ పోతుంది. తలకు గట్టిగా కట్టు కట్టి, ఊపిరి, ఛాతీ, కడుపు, కటి ఎముక చూశాకే సూది పట్టండి. రక్తం పోతున్నవారికి మూడు గంటలలోపు రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము పది నిమిషాల్లో ఎక్కించండి.

ఇంతకూ ఈ రోగుల్లో సగం మంది మీరు పెద్ద ఆసుపత్రికి పంపించవలసినవారే. పంపడం ఓటమి కాదు, అదే మీ పనిలో కష్టమైన భాగం, అదే బాగా నేర్చుకోవలసిన భాగం. కొత్త డాక్టర్లు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు చూడగానే "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని చేతులు దులుపుకుంటారు. కొందరు సీనియర్‌ను నిద్ర లేపడానికి మొహమాటపడి నాలుగు గంటలు రోగిని పట్టుకుని కూర్చుంటారు. రెండో తప్పులో మంచివాళ్లే ఎక్కువగా పడతారు, నేనూ పడ్డాను. నేను పెట్టుకున్న కొలత ఇది: ఈ మనిషికి వచ్చే ఆరు గంటల్లో కావలసి రాగలది ఈ ఆసుపత్రిలో ఉందా? లేకపోతే ఇప్పుడే ఫోను. బీపీ పడిపోయాక కాదు.

ఫోను చేసి, అవతల పడక ఉందని డాక్టరు నోట విన్నాకే కదిలించాలి. పేరు, సమయం రాసుకోవాలి. ఆక్సిజన్ లెక్క వేయాలి. అంబులెన్సుల్లో ఉండే బీ టైప్ సిలిండరు నిండా ఉంటే దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి పది లీటర్ల చొప్పున రెండున్నర గంటలు. దారి రెండు గంటలయితే, టోల్ గేటు, వాన, పంక్చరు కలుపుకుని రెండో సిలిండరు ఎక్కించాలి. రిఫరల్ చీటీలో ఏ మందు ఎంత, ఎన్ని గంటలకు అన్నది ఉండాలి. ఏఎస్‌వీ (పాము కాటు మందు) ఎన్ని వైల్స్ ఎక్కాయో రాయకుండా పంపితే అవతలివారు గుడ్డిగా మొదలుపెట్టాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు అన్ని చోట్లకూ వస్తుంది, అందులో టెక్నీషియన్ ఉంటారు. గొట్టం వేసిన రోగితో మాత్రం మీ ఆసుపత్రి నుంచి చేయి తిరిగిన ఒకరు వెళ్లాలి.

యాజమాన్యం వైపు నుంచి రెండు రకాల ఒత్తిడి వస్తుంది. డబ్బున్న రోగిని "ఉంచుదాం, చూద్దాం" అంటారు. డబ్బు లేని రోగిని "పోలీసు కేసు, మనకెందుకు" అంటారు. రెండోదానికి జవాబు ఎప్పుడో వచ్చింది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు ప్రాణరక్షణ, పోలీసు లాంఛనాలు తరువాత, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా. అత్యాచార బాధితులకు ఏ ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాలన్నది చట్టం. ఈ రెండూ మేనేజరుకు గొంతు పెంచకుండా చెప్పండి. మొదటి రకం ఒత్తిడికి కేస్ షీటే మందు. "రాత్రి 1.40, కన్సల్టెంటుకు ఫోను, పెద్ద ఆసుపత్రికి పంపాలని నా సలహా" అని రాసి సంతకం పెట్టండి. రాసిన మాటను ఎవరూ తేలికగా దాటరు.

రాయడం అంటే గుర్తొచ్చింది. ప్రమాదం, విషం, కాలిన గాయం, కొట్లాట, అనుమానాస్పదం, ఏదైనా ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టరులో ఎక్కాలి, పోలీసులకు సమాచారం వెళ్లాలి, అందినట్టు నకలు మీ దగ్గర ఉండాలి. ప్రాణం పోయాక తెచ్చినవారికి, మీరు ఎన్నడూ వైద్యం చేయనివారికి, మరణ కారణం రాసి ఇవ్వవద్దు. ఊరి పెద్దలు ఒత్తిడి చేస్తారు, "వయసు మళ్లింది, పోస్టుమార్టం ఎందుకు సార్" అంటారు. వారి దుఃఖం నిజమే. కానీ మీకు తెలియని కారణాన్ని మీరు రాయలేరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టరు మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలని చెప్పింది. ఆ రక్షణ మీకు దక్కాలంటే మీరు ఏమి చూశారో, ఏమి చేశారో గంటా నిమిషాలతో కాగితం మీద ఉండాలి.

దాడుల భయం గురించి అడిగారు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ఆసుపత్రుల మీద దాడిని బెయిలు లేని నేరం చేస్తూ చట్టం వచ్చింది. రాత్రి మూడు గంటలకు యాభై మంది గుమిగూడినప్పుడు మాత్రం మిమ్మల్ని కాపాడేది మీ నోటి మాటే. గుంపులో అందరూ వినే ఒక పెద్దమనిషి ఉంటారు, ఆయనను లోపలికి పిలిచి రోగిని చూపించండి. పరిస్థితి బాగా లేకపోతే మొదటి పది నిమిషాల్లోనే బాగా లేదని చెప్పండి. ప్రతి ఇరవై నిమిషాలకు బయటికి వచ్చి ఒక్క వాక్యమైనా చెప్పండి. కోపం చాలాసార్లు చావు వల్ల కాదు, తలుపు మూసి ఉండి ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల వస్తుంది. మరణం చెప్పవలసి వస్తే కూర్చుని చెప్పండి, "చనిపోయారు" అనే మాటే వాడండి, చెప్పాక వెంటనే లేచి వెళ్లిపోకండి.

మీతో చదివిన అమ్మాయి కూడా అక్కడే డ్యూటీలు చేస్తానంటోందని రాశారు. ఆమె డ్యూటీ గదికి లోపలి గడియ ఉందా, మరుగుదొడ్డి గదిలోనే ఉందా, వరండాలో లైటు ఉందా, రాత్రి కాపలాదారు ఎవరు అన్నది ఆమే స్వయంగా వెళ్లి చూసుకోవాలి. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరుకు జరిగిన దారుణం తరువాత, ఈ నాలుగూ సరిగా లేని చోట ఎంత జీతమైనా వద్దని నేను నా జూనియర్లకు చెబుతున్నాను. అడగడానికి సంకోచం అక్కర్లేదు.

చదువు సంగతి: డ్యూటీలో చదువుకోవచ్చని ఆశపడకండి. పుస్తకం తెరిచిన పేజీలోనే ఉంటుంది. వారానికి రెండు రాత్రులు మించవద్దు, వరుస రాత్రులు అసలే వద్దు. పొద్దున డ్యూటీ దిగాక అరవై కిలోమీటర్లు బైకు నడపవద్దు. బస్సు ఎక్కండి, కిటికీ పక్కన నిద్రపోండి. నిద్ర లేని డాక్టర్లు అదే రహదారి మీద పడి మా క్యాజువాలిటీకే రావడం చూశాను.

దిగే ముందు, పగటి డాక్టరుతో కుర్చీలో కూర్చుని కాకుండా ప్రతి మంచం దగ్గర నిలబడి అప్పగించండి. పంపించిన రోగి గురించి మరునాడు పెద్ద ఆసుపత్రికి ఫోను చేసి ఏమైందో అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నా మొదటి నోటు పుస్తకంలో నేను తప్పుగా అనుకున్నవి చాలానే ఉన్నాయి, పీజీలో చదివిన దానికంటే వాటి నుంచి ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటి డ్యూటీ శనివారం అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి రండి. టార్చి, సొంత పల్స్ ఆక్సీమీటరు, కొత్త గాజు గొట్టాలు నాలుగు వెంట తీసుకెళ్లండి. లారింగోస్కోప్ తెరిచి చూడండి, అట్రోపిన్ ఆంప్యూళ్లు లెక్కపెట్టండి, స్పానర్ ఎవరి జేబులో ఉందో అడగండి. ఏమేమి లేవో రాసి పంపితే, వాటిలో వేటికి పట్టుబట్టాలో, ఏవి లేకపోతే ఆ డ్యూటీ వద్దనుకోవాలో చెబుతాను.